పొట్టిమెడ కాకి

మొదటి నమోదు

నా తరవాత ఈ కాకిని చూసుకోబోయే మనిషికి కూర్మయ్య రాసేది. నువ్వు ఆడో మగో, బాగా చదువుకున్న మనిషివో, నాలాగా పక్కన నిలబడి నేర్చుకున్న మనిషివో నాకు తెలియదు. అందుకే నువ్వు అని రాస్తున్నాను. చిన్నబుచ్చుకోకు.

ముందు పనులు. పొద్దున లేవగానే కర్మల గదిలో నాలుగు మూలల దీపాల అద్దాలు తుడవాలి. మెత్తటి గుడ్డతోనే సుమా. ఆ నాలుగు వెలుగులూ కలిసిన చోట, ఆ వెలుగుతోనే చేసిన కాకి నిలబడుతుంది. అద్దం మీద దుమ్ము పడితే రెక్కకి చిల్లు పడినట్టు కనిపించి, అసలే దుఃఖంలో ఉన్నవాళ్లకి ఇంకా దిగులు పుడుతుంది. తరవాత పిట్టగోడ కడగాలి. గది మధ్య పిట్టగోడ ఏమిటని నవ్వకు. మా వైపు కాకి వాలేది పిట్టగోడ మీదే కాబట్టి ఇక్కడా ఒకటి కట్టుకున్నాం, దానికి అవతల ఏమీ లేకపోయినా.

మన ఊరి పేరు వెన్నెలపేట. పెట్టినవాళ్లు భూమ్మీద కూర్చుని పెట్టారు. చంద్రుడి పొట్టలో సొరంగం తవ్వుకుని బతికేవాళ్లకి వెన్నెల ఎక్కణ్ణుంచి వస్తుంది? తిథుల సంగతీ అంతే. భూమ్మీద అమావాస్య అయిన రోజున ఇక్కడ పైకెక్కి చూస్తే, భూమి పళ్లెంలా నిండుగా వెలిగిపోతూ ఉంటుంది. దాన్ని అమావాస్య అనాలా పున్నమి అనాలా అని మొదటి ఏడాది పెద్దలు రెండు జట్లయి మాటలు మానుకున్నారు. చివరికి తద్దినాలు భూమి లెక్కన, పెళ్లిళ్లు మన లెక్కన అని రాజీ కుదిరింది. ఏం చెబుతున్నాను? కాకి.

ఇక్కడికి బయలుదేరే ముందు మావాళ్లు అన్నీ ఆలోచించారు. ఊపిరి, నీళ్లు, వరి పండించే దీపాలు, ఎముకలు గుల్లబారకుండా మందులు. కాకి సంగతి ఒక్కరికీ తట్టలేదు. మొదటి చావు వచ్చాక పదోరోజున పిండం పెట్టి, అలవాటు కొద్దీ అందరం తల పైకెత్తాం. పైన రాతి కప్పు. పిండం ఎండి బీటలు వారినా పోయిన ముసలాయన భార్య అక్కణ్ణుంచి లేవలేదు.

అప్పుడు మా అప్ప చేసింది ఈ కాకిని. అప్ప అంటే అక్క, మా వైపు అలాగే పిలుస్తాం. పేరు నూకాలు. పోయి చాలా కాలమైంది. తవ్వుడు చేతుల లెక్కలు చూసేది. అవి గనిలో రాయి తవ్వే పెద్ద ఇనప చేతులు. లోపల దుమ్ముకి కెమెరాలు గుడ్డివైపోతాయి. అందుకని ప్రతి ఎముకా, ప్రతి కీలూ ఈ క్షణాన ఎక్కడున్నాయో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి బొమ్మ చూపిస్తుంది. నడిపేవాళ్లు ఆ బొమ్మను నమ్ముకునే నడుపుతారు. "సెయ్యికీ కాకికీ తేడా ఏటిరా కూర్మా, రెండూ ఎముకలూ కీళ్లూనే కదా," అని అప్ప అదే సాఫ్ట్‌వేర్‌లో కాకిని కూర్చింది.

కీలుబొమ్మ అంటే మాత్రం ఆమెకి ఒళ్లు మండేది. కీలుబొమ్మని ఒకడు వెనక ఉండి ఆడిస్తాడు, దీన్ని ఎవరూ ఆడించరు అనేది. ఎప్పుడు తినాలో ఆమె రాయలేదు. ఆకలి రాసింది, భయం రాసింది, ఎముకలకి భూమ్మీది బరువు రాసింది. మిగతాది దాని ఇష్టం. ఈ ఊళ్లో మనందరం దూదిపింజల్లా తేలుతూ నడుస్తాం. పూర్తి బరువుతో వాలే ప్రాణి ఆ కాకి ఒక్కటే.

ఇంకో సంగతి కూడా నీకు తెలిసి ఉండాలి. కాకి ముట్టుకోకపోతే, పోయినవాళ్లకి ఏదో కొరత మిగిలిందని అర్థం. అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, నీ ఫలానా పని మేం చూసుకుంటాం అని మాట ఇస్తారు. ఏ మాట మీద ముట్టుకుంటే అది కాకిమాట. దాన్ని ఎవరూ దాటరు. అసలు ముట్టుకోకపోతే అన్న మాటలన్నీ గాలిలో వేలాడుతూ ఉంటాయి. మనిషిని ఎక్కువ పీడించేవి అవే.

రెండో నమోదు

కీళ్ల లెక్క కాస్త చెప్పాలి, లేకపోతే జరిగింది నీకు అందదు. భయపడకు, నేనూ బడిలో నేర్చుకోలేదు. అప్ప నాకు నులకమంచం లెక్కన చెప్పింది.

పాత పద్ధతిలో ఎముకలు దేనికది విడిగా ఉంటాయి. బరువు లాగితే ఎటు పడితే అటు పోతాయి. పోయాక, కీళ్ల దగ్గర విడిపోయిన కొసల్ని సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కటిగా దగ్గరికి లాగుతుంది. ఒకటి లాగితే పక్కది సడలుతుంది. దాన్ని లాగితే ఇంకోటి. అచ్చం నులకమంచం బిగించినట్టే. ఒక్క చుట్టుతో అయ్యే పని కాదు, తిరిగి తిరిగి బిగించాలి. ఎంత బిగించినా మనిషి కూర్చుంటే నడుమ కాస్త దిగుతుంది. ఆ దిగుడుని అప్ప 'సందు' అనేది. కీలు కీలుకీ వెంట్రుకవాసి సందు.

కొత్త పద్ధతిలో ఎముకకి సొంత చిరునామా ఉండదు. ఎక్కడున్నావని అడిగితే చెప్పలేదు. పక్క ఎముకకి ఎంత వంగి ఉన్నానో అది మాత్రం చెబుతుంది. మా చిన్నప్పుడు, ఎక్కడికెళ్లినా తన పేరు చెప్పకుండా ఫలానావారి అల్లుణ్ణి అని చెప్పుకునే పెద్దమనుషులు ఉండేవారు. అదే వరస. ముందు కొస నుంచి మొదలుదాకా ఏ కీలు ఎంత బరువు మోస్తోందో లెక్కగట్టుకుంటూ వస్తారు. మళ్లీ మొదలు నుంచి కొసదాకా కదలిక పంచుకుంటూ పోతారు. వెళ్లడం, రావడం, అంతే. విడిపోవడానికి చోటే ఉండదు. సందు లేదు.

ఈ కొత్త పద్ధతి మన ఊళ్లోకి సన్యాసి చావుతో వచ్చింది.

సన్యాసి, పైడమ్మ మొగుడూ పెళ్లాలు. ఆమె మీట పట్టుకుని తవ్వుడు చెయ్యి నడిపేది. అతను గనిలోకి దిగి, చెయ్యి పక్కన నిలబడి దారి చెప్పేవాడు. ఊళ్లో అందరికీ ముచ్చటగా ఉండేది. ఇంట్లో ఆమె మాట అతను వింటాడు, గనిలో అతని మాట ఆమె వింటుంది అని మేం వేళాకోళమాడేవాళ్లం. ఆ రోజు కప్పుకి పెట్టిన ఊతం పక్కనుంచి చెయ్యి లాగుతుంటే, ఇంకాస్త దించు అన్నాడు. దించింది. బొమ్మలో దిగింది. గనిలో మాత్రం చెయ్యి వేలి మందం పైనే ఉండిపోయింది. ఆ వేలి మందం ఊతానికి తగిలింది. కప్పు కూలింది. మనిషి దొరకలేదు.

ఇంజనీరు కాత్యాయని గారు తిండీ నిద్రా మానుకుని వెతికి తేల్చారు. బరువుకి బొమ్మ కీళ్లు సందులిచ్చాయి, అన్నీ కలిసి కొస దగ్గర వేలి మందం తేడా తెచ్చాయి. మనిషి తప్పు కాదు, లెక్క తప్పు. ఆవిడే స్వయంగా వెళ్లి పైడమ్మకి చెప్పారు. పైడమ్మ బుద్ధిగా తల ఊపింది.

"అలగే సెప్తారు తాతా, ఎవులికైనా," అంది తరవాత నాతో. ఆ రోజు నుంచి ఆమె కుడిచెయ్యి వణుకుతోంది.

వెంటనే ఊరంతటికీ కొత్త పద్ధతి పెట్టేశారు. తవ్వుడు చేతులకీ, బరువులెత్తే యంత్రాలకీ. వాటితోపాటు కాకికీ.

మూడో నమోదు

ఇవాళ సన్యాసి పదోరోజు.

పైడమ్మ పిండం పెట్టింది. కాకి వచ్చింది. గోడ చివర వాలి, పక్కకి గెంతి, ఎప్పట్లాగే అందరినీ అనుమానంగా చూసింది. పిండం మీదికి వంగింది. వంగి, అలాగే ఉండి, తల వెనక్కి తీసుకుని ఎగిరిపోయింది.

సన్యాసి తమ్ముడు లచ్చుంనాయుడు ముందుకొచ్చి చేతులు జోడించాడు. "అన్నియ్యా, నీ బెల్టు నాకాడే ఉండిపోనాది. ఇచ్చేస్తాను. తిను బాబూ."

కాకి మళ్లీ వచ్చింది, వంగింది, ఎగిరిపోయింది.

"బెల్టొక్కటేనేటిరా? ఆడి టోపీ దీపం ఎవుడిస్తాడు?" అంది వెనకనుంచి వాళ్ల పిన్ని.

"అదీ ఇచ్చేస్తాను. కాకెదురుగా నా పరువు తియ్యకే పిన్నీ."

కొందరు నవ్వారు. పదోరోజున ఆ మాత్రం నవ్వు ఉంటుంది, ఉండాలి కూడా. పిన్ని తన వంతుగా పైడమ్మని కడుపులో పెట్టుకు చూసుకుంటానంది. పనివాళ్లు గనికి సన్యాసి పేరు పెడతామన్నారు. ప్రతి మాటకీ కాకి వచ్చింది. ప్రతిసారీ వంగింది. ముట్టుకోలేదు. నవ్వులు ఆగిపోయాయి.

అప్పుడు పైడమ్మ వణుకుతున్న కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది.

"నా సేత్తోనే పోనావు మావా," అంది. గొంతు మామూలుగానే ఉంది. "అందుకే ముట్టవు. నాకు ఎరికే. గనికి మూత పోసీలోగా నానే నీకాడికి వచ్చేస్తాను."

ఆ మాటకి కూడా కాకి వంగింది. ముట్టుకోలేదు. కానీ మిగతా అన్నిసార్లకంటే ఎక్కువసేపు వంగి ఉందని అక్కడున్నవాళ్లందరూ అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

కూలిన గని నుంచి ఊపిరి కారిపోతోంది. దాని నోటికి త్వరలో కరిగించిన రాయి పోసి మూసేస్తారు. పైడమ్మ దగ్గర మనుషుల్ని కాపలా పెట్టారు. గని తలుపులన్నీ తెరవడం తెలిసిన మనిషికి కాపలా ఏం అడ్డు?

నాలుగో నమోదు

మర్నాడు వేరే ఇంటివాళ్ల తద్దినం. పోయినావిడ నిండుగా బతికి, నిద్రలో వెళ్లిపోయిన మనిషి. ఏ కొరతా ఉండడానికి వీల్లేదు. ఏటేటా కాకి రెక్కలు ముడిచీ ముడవకముందే ముట్టుకునేది. ఈసారి వంగి వెళ్లిపోయింది.

అందరూ వెళ్లాక నేను పిట్టగోడ మీద గడ్డం ఆనించి, పిండం ఎత్తున కళ్లు పెట్టి చూశాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా చూడలేదు. నిలబడి చేతులు జోడించేవాడికి అది కనబడదు. కాకి వచ్చింది, వంగింది, ముక్కు తెరిచింది. ముక్కుకీ మెతుక్కీ మధ్య చోటుంది. నా చూపుడు వేలు పెట్టి చూశాను. సరిగ్గా పట్టింది.

వేలి మందం.

పాత పద్ధతిని పక్కన విడిగా నడిపి చూశాను. కాకి వంగుతుంటే మెడలో ఎముకలు, దండలో పూసలు దారం వదులైతే జరిగినట్టు, కొంచెం కొంచెం దూరం జరిగాయి. మెడ సాగింది. ముక్కు అందింది. కొత్త పద్ధతిలో మెడ సాగదు. ఉన్నదే మెడ. ఉన్న మెడ పొట్టిది.

పొట్టిమెడ ఎందుకు పెట్టిందో కూడా నాకు తెలుసు. అప్పకి కాకి అంటే కళింగపట్నంలో మా వంటింటి కిటికీకి ఎదురుగా, వానలో తడుస్తూ, మెడ భుజాల్లోకి లాక్కుని ముడుచుకు కూర్చున్న కాకి. చిన్నప్పుడు జ్వరాలతో మంచం దిగకుండా ఒక వానకాలమంతా ఆ కాకినే చూసింది. ఇక్కడ కొలుద్దామంటే కాకి లేదు. ఆ ముడుచుకున్న కాకినే గుర్తు తెచ్చుకుని ఎముకలు కొలిచింది. ఆమె పొరపాటుని పాత లెక్కలోని పొరపాటు ఇన్నేళ్లూ కప్పిపెట్టింది. సన్యాసిని చంపిన సందే, ఊరందరి పిండాలూ ముట్టుకుంది. ఇప్పుడా సందు మూసేశాం. మూసింది సన్యాసి కోసం. అందకుండా పోయిందీ సన్యాసికే.

అప్ప తద్దినానికి కాకి ముట్టుకున్న ప్రతిసారీ, పోనీలే ఆమెకి తృప్తి అయింది అనుకుంటూ ఇంటికెళ్లి అన్నం తినేవాణ్ణి. అప్ప కాదు. సందు.

కాత్యాయని గారి దగ్గరికి వెళ్లాను.

"పాత లెక్క మళ్లీ పెట్టమంటే మాత్రం పెట్టలేను కూర్మయ్య గారూ," అన్నారావిడ, నేను నోరు తెరవకముందే.

"పెట్టమనను తల్లీ. మనిషి పోయిన లెక్క అది."

విషయం విన్నాక ఆవిడే దారి చెప్పారు. "మెడ ఎముకలు కాస్త పొడుగు చేసేయండి. ఒక్క అంకె మారిస్తే చాలు. ఎవరికీ చెప్పనక్కర్లేదు."

మంచి మాటే. కానీ చెప్పకుండా చేస్తే, పైడమ్మకి తెలిసేది ఒక్కటే, తన పదోరోజున కాకి ముట్టుకోలేదని. ఎల్లుండి గనికి మూత పోస్తారట.

ఐదో నమోదు

పైడమ్మని గదికి పిలిపించాను. కాపలా పేరుతో లచ్చుంనాయుడూ వెంట వచ్చాడు, నడుముకి అన్న బెల్టుతోనే.

ఆమెని పిట్టగోడ మీద గడ్డం ఆనించి చూడమన్నాను. పిండం పెట్టాను. కాకి వచ్చింది, వంగింది. "నీ వేలు పెట్టి సూడమ్మా," అన్నాను. పెట్టింది. తరవాత పాత పద్ధతిలో తవ్వుడు చెయ్యి బొమ్మ, దాని పక్కనే కొత్త పద్ధతిలో బొమ్మ నడిపించాను. రెంటి కొసలకీ మధ్య చోటు చూపించాను. అక్కడా ఆమె తన వేలే పెట్టి చూసుకుంది. కీళ్ల గొలుసు రెండుచోట్లా ఒకేలా ఎందుకు సాగిందని నన్ను అడగకు.

"అయితే ఆ రోజు అందక తిన్నేదన్నమాట," అంది.

"మెడ అందలేదమ్మా. అంతవరకే నాకు తెలుసు. అందుంటే తినుండేదా అంటే, అది నాకు తెలీదు."

ఆ మాట దగ్గర అబద్ధం ఆడొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"మెడ సరిసేసీమంటావా? ఒక్క అంకె," అన్నాను.

"ఒద్దు తాతా. నువ్వు మెడ పెంచితే అది తింటాది. ఆడు తిన్నాడని నాకెలగ తెలుస్తాది?" కాకివైపు తిరిగింది. "దానికి అందకపోతే మనవే ఎత్తాల."

పిండం కుడి అరచేతిలో పెట్టుకుని, గోడ మీదుగా చెయ్యి చాపింది.

మెడ పెంచడానికీ చెయ్యి ఎత్తడానికీ తేడా ఏముందని నువ్వు అడుగుతావు. అప్ప రాసిన భయం ఉంది. మనిషి చెయ్యంటే కాకికి భయం, కదిలే చెయ్యంటే ఇంకా భయం. ఇన్నేళ్లలో అది ఒక్క చేతి మీదికి కూడా వంగింది లేదు. పైడమ్మ చెయ్యి చూస్తే జల్లెడలా ఊగుతోంది.

కాకి గోడ చివర వాలి అక్కడే ఆగిపోయింది. ఒక గెంతు వేసింది, చెయ్యి ఊగగానే రెండు గెంతులు వెనక్కి పోయింది.

"ఒదినా, కాస్త కుదురుగా..." అన్నాడు లచ్చుంనాయుడు.

"నువ్వు నోరు ముయ్యరా."

తరవాత ఆమె మాట్లాడడం మొదలుపెట్టింది. మాట ఇవ్వడం కాదు. గనిలో ఉన్న మొగుడితో మీట దగ్గర కూర్చుని మాట్లాడినట్టు. "దించమన్నావు, దించినాను మావా. బొమ్మలో దిగింది. నాను సూసినాను. నీకాడ దిగనేదని నాకెవులు సెప్తారు? నువ్వే సెప్పాల. నువ్వు సెప్పీలోగా అయిపోనాది." మాట్లాడుతున్నకొద్దీ భుజం కిందికి జారింది, మోచెయ్యి ఒంటికి దగ్గరైంది. మీట పట్టుకున్నప్పుడు ఆమె కూర్చునే తీరు అదే. వణుకు మణికట్టు దాకా వచ్చి, వేళ్ల దాకా వచ్చి, ఎక్కడో ఆగిపోయింది.

కాకి దగ్గరికొచ్చింది. మెడ లోపలికి లాక్కుని, వానలో కూర్చున్నట్టు కూర్చుంది.

"ఎంత ఏడిసినా నాను నీకాడికి రాను మావా," అంది పైడమ్మ. "ఊపిరి కారిపోతంది, ఊరంతా ఉంది. మూత ఏసేస్తారు. నువ్వక్కడే ఉండిపోవాల. నాను ఇక్కడే ఉండిపోవాల."

కాకి ముట్టుకుంది.

లచ్చుంనాయుడు గోడకి తల కొట్టుకుని ఏడ్చాడు. పైడమ్మ ఏడవలేదు. మెతుకు చెదరని పిండాన్ని చూసుకుంటూ, "ముక్కు తగిలినట్టే నేదు తాతా," అంది.

"వెలుగు కదమ్మా."

"ఊఁ."

ఆరో నమోదు

గనికి మూత పోశారు. పైడమ్మ వెళ్లింది, దూరంగా నిలబడి చూసి, తిరిగి వచ్చింది. వస్తానన్న మాట గాలిలోనే పోయింది. రానన్నది కాకిమాట. దాన్ని ఆమె నిలబెట్టుకుంటోంది, అది తేలికేమీ కాదు. మీట మాత్రం మళ్లీ పట్టుకోలేదు. కాత్యాయని గారు రెండుసార్లు వచ్చి అడిగారు. వంటశాలలో బియ్యం కడుగుతోంది. కడుగుతున్నప్పుడు కుడిచెయ్యి వణుకుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఊళ్లో ఎవరూ పిండాన్ని గోడ మీద పెట్టడం లేదు. చేతిలో పెట్టుకుని ఎత్తుతున్నారు. కొందరికి కాకి వస్తోంది, కొందరికి రావడం లేదు. మునుపటికంటే రాని రోజులే ఎక్కువ. దాని మెడ జోలికి నువ్వు పోకు. నా తరవాత అంతా నీ ఇష్టమే గానీ, ఈ ఒక్కటి నా కోసం ఒప్పుకో.

ఇవాళ అప్ప తద్దినం. పొద్దున అద్దాలు తుడిచాను, గోడ కడిగాను, పిండం చేతిలో పెట్టుకుని నిలబడ్డాను. నా చెయ్యి దుఃఖంతో కాదు, వయసుతో ఊగుతుంది. మాటలతో ఆగే వణుకు కాదు. కాకి వచ్చి, గోడ చివర కూర్చుని, నా చేతినే చూస్తూ ఉండిపోయింది. దాన్ని తప్పు పట్టలేను. అప్పకి చెప్పాల్సిన సంగతులన్నీ చెప్పాను. వరి దీపాల సంగతి, నా మోకాళ్ల సంగతి, ఆ సందు సంగతి. నువ్వు చేసింది వానలో కాకి కదే అప్పా, ఇన్నేళ్లూ నాకు తెలియనేలేదు అన్నాను. చెయ్యి ఆగలేదు.

గుమ్మంలో అలికిడైంది. పైడమ్మ, బియ్యం కడిగిన తడిచేతులతో.

"ఇంకా రానేదేటి తాతా?"

"భయపడతంది."

ఆమె ఇంకేమీ అడగలేదు. పక్కకొచ్చి, నా చెయ్యి కింద తన చెయ్యి పెట్టింది. రెండూ ఊగుతున్నాయి. అలాగే పట్టుకుని నిలబడ్డాం. కాకి ఒక గెంతు వేసి ఆగింది, మెడ లోపలికి లాక్కుని కూర్చుంది. ఎదురుచూస్తున్నాం.